అర్ధరాత్రి పంటి నొప్పి లేస్తే పొద్దున్నే డాక్టరు దగ్గర చోటు సంపాదించడం ఎలా?

ఒక పళ్ళ డాక్టరు గారి క్లినిక్‌లో రిసెప్షన్ బల్ల వెనక తొమ్మిదేళ్ళు కూర్చున్నాను. గోదావరి జిల్లాలో మోస్తరు ఊరు మాది. ఆ తొమ్మిదేళ్ళలో అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట "అమ్మా, చాలా అర్జెంటు". పొద్దున షట్టర్ ఎత్తీ ఎత్తకముందే ఫోన్ మోగేది. మూడు నెలలుగా పన్ను కదులుతున్నవాళ్ళకీ అర్జెంటే, ఎల్లుండి పెళ్ళిచూపులున్నాయి క్లీనింగ్ చేయించాలి అనేవాళ్ళకీ అర్జెంటే. నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాళ్ళు మాత్రం చాలాసార్లు ఆ మాట అననే అనరు. "ఏం లేదమ్మా, గొంతు కింద కాస్త వాచింది, ఖాళీ ఉన్నప్పుడు చెప్పండి వస్తాను" అంటారు.

అందుకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. కానీ ఎవరిని వెంటనే లోపలికి పంపాలి, ఎవరిని సాయంత్రం రమ్మనాలి అన్నది డాక్టరు గారు నాకు ఓపిగ్గా నేర్పారు. మీరు ఆ బల్లకి ఇవతలివైపు నుంచి ఫోన్ చేసేటప్పుడు అదే మీకూ పనికొస్తుంది.

ముందు తేల్చుకోవలసింది: క్లినిక్కా, పెద్దాసుపత్రా?

కొన్నిటికి పళ్ళ డాక్టరు కోసం వెతుకుతూ కూర్చోకూడదు. నేరుగా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళాలి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయాలి. అవి ఇవి.

దవడ కిందా గొంతు ముందువైపూ వాచి గట్టిపడటం, నాలుక పైకి లేచినట్టు ఉండటం, ఉమ్మి మింగలేక చొంగ కారడం, మాట ముద్దగా రావడం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం. కింది దవడ పన్నులో పుట్టిన చీము నాలుక కిందికి పాకితే ఇలా అవుతుంది. లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. 1836లో లుడ్విగ్ అనే జర్మన్ డాక్టరు దీని గురించి రాశాడు కాబట్టి ఆ పేరు. యాంటీబయాటిక్స్ లేని ఆ రోజుల్లో ఇది వస్తే బతకడం కష్టంగా ఉండేది. ఇప్పుడు బతికిస్తున్నారు, కానీ గంటల్లో ముదిరిపోయే జబ్బు. "రేపు చూద్దాం" అనేది దీనికి పనికిరాదు.

పై పన్ను వాపు కంటి దాకా పాకి కన్ను మూసుకుపోతున్నా, వాపుతో పాటు చలిజ్వరం వస్తున్నా అంతే. నోరు తెరుచుకోవడం లేదంటే ఎంత తెరుచుకోవడం లేదో కొలవడానికి ఒక ఇంటి లెక్క ఉంది. మీ చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ళు మూడూ కలిపి, ఒకదానిమీద ఒకటి ఉండేలా నిలువుగా నోట్లో పెట్టండి. సాధారణంగా మూడూ పడతాయి. ఒక్క వేలే పడుతోందంటే, పైగా వాపూ జ్వరమూ ఉంటే, ఆలస్యం చేయకండి.

బండి మీద నుంచి పడి పన్ను విరిగితే ముందు చూసుకోవలసింది పన్ను కాదు, తల. స్పృహ తప్పినా, వాంతులు అవుతున్నా, పైపళ్ళూ కిందిపళ్ళూ ఎప్పటిలా కలవకపోయినా దవడ, తల రెండూ ఆసుపత్రిలో చూపించాలి. విరిగిన ముక్క ఎక్కడా కనబడకపోగా దగ్గు ఆగకుండా వస్తుంటే, అది ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో ఎక్స్‌రే తీయాల్సి ఉంటుంది. ఆ సంగతి డాక్టరుకు మీరే చెప్పండి.

ఇంకొకటి. యాభై దాటినవాళ్ళకి, షుగరో బీపీయో ఉన్నవాళ్ళకి, మెట్లెక్కితే ఎడమ దవడ లాగడం, నిలబడితే తగ్గడం, దాంతోపాటు చెమటలు, ఛాతీలో బరువు. ఇది పంటి నొప్పి కాకపోవచ్చు, గుండెది కావచ్చు. మా క్లినిక్‌కి ఇలా ఒక పెద్దాయన వచ్చారు. డాక్టరు గారు నోట్లో లైటు వేసి చూసి, ఒక్కొక్క పన్నూ తట్టి, ఏదీ నొప్పి లేదంటే వెంటనే ఆటో ఎక్కించి గుండె డాక్టరు దగ్గరికి పంపించారు. ఆయన మాతో గొడవపడ్డారు కూడా, ఫీజు తీసుకుని పన్ను పీకలేదని.

ఈ పైవేవీ లేకపోతే మీది క్లినిక్ పని. అందులోనూ "ఈరోజే" అనాల్సినవి కొన్ని: రాత్రి నిద్రపట్టనివ్వని నొప్పి, బుగ్గ వాపు, చీము, విరిగి లోపల ఎర్రగా కనిపిస్తున్న పన్ను, తీయించుకున్న పంటి దగ్గర ఆగని రక్తం. క్యాప్ ఊడిపోవడం, ఫిల్లింగ్ రాలిపోవడం, క్లిప్పుల తీగ బుగ్గకి గుచ్చుకోవడం లాంటివి రేపటిదాకా ఆగుతాయి. ఊడిన క్యాప్‌ని చిన్న డబ్బాలో వేసి వెంట తీసుకెళ్ళండి, చాలాసార్లు దాన్నే మళ్ళీ అతికిస్తారు. దయచేసి ఫెవిక్విక్ పెట్టి మీరే అతికించుకోకండి. నవ్వకండి, మా దగ్గరికి అలా అతికించుకుని వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు.

పన్ను మొత్తం ఊడి చేతికొస్తే: ఇక్కడ గడియారం చూడాలి

పళ్ళ అర్జెంట్లన్నిటిలోకీ నిమిషాల లెక్కన నడిచేది ఇదొక్కటే. మా తోడికోడలి కొడుక్కి పదకొండేళ్ళప్పుడు క్రికెట్ బంతి తగిలి ముందుపన్ను వేరుతో సహా ఊడి కింద పడింది. వాళ్ళ నాయనమ్మ ఆ పన్ను తీసుకుని, కుళాయి కింద బ్రష్షు పెట్టి తెల్లగా తోమి, పసుపు అద్ది, దూదిలో చుట్టి, జాగ్రత్తగా చీరకొంగున ముడివేసుకుని తెచ్చింది. ఎంత ప్రేమగా చేసిందో అంత చెడిపోయింది. వేరు మీద కంటికి కనిపించని సన్నని పొర ఉంటుంది. పన్ను మళ్ళీ ఎముకకి అతుక్కోవాలంటే ఆ పొరలోని కణాలు బతికుండాలి. తోమితే అవి రాలిపోతాయి, ఆరిపోతే చచ్చిపోతాయి.

మీరు చేయాల్సింది ఇది. పన్నుని తెల్లటి భాగం దగ్గర, అంటే నోట్లో బయటికి కనిపించే వైపు పట్టుకోండి. వేరు ముట్టుకోకండి. మట్టి అంటితే పాలతోనో సెలైన్‌తోనో ఒక్కసారి అలా కడగండి, రుద్దొద్దు. పిల్లవాడు భయపడకుండా నిలబడగలిగితే, పన్ను ముందువైపు పెదవివైపు ఉండేలా చూసి, ఆ గుంటలోనే మెల్లగా తిరిగి పెట్టేయండి. శుభ్రమైన జేబురుమాలు మడిచి పళ్ళ మధ్య పెట్టి కొరికి పట్టమనండి. అలాగే క్లినిక్‌కి బయల్దేరండి.

అంత ధైర్యం చాలకపోతే పన్నుని పాలల్లో వేయండి. ప్యాకెట్ పాలైనా సరే, కాచి చల్లార్చిన పాలైనా సరే. వేడి పాలు వద్దు, పులిసిన మజ్జిగ అసలే వద్దు. పాలు దొరకని చోట పిల్లవాడి ఉమ్మిలోనే ఒక చిన్న డబ్బాలో వేసుకుని వెళ్ళండి. మంచినీళ్ళు అందరికీ ముందు గుర్తొస్తాయి కానీ ఆ కణాలు నీళ్ళలో ఉబ్బి పగిలిపోతాయి. ఏదీ లేనప్పుడు, ఆరబెట్టడం కంటే మేలు అన్నంతవరకే నీళ్ళు.

అరగంటలోపు చేరితే మంచి ఆశ ఉంటుంది. పొడిగా గంట దాటితే ఆశ బాగా తగ్గిపోతుంది. అయినా పన్ను పారేయకండి, వెళ్ళండి. మావాడికి ఆ పన్ను తిరిగి పెట్టారు, పక్క పళ్ళకి కలిపి సన్నని తీగతో రెండు వారాలు కట్టారు, ఆ తర్వాత రూట్ కెనాల్ చేశారు. కొన్నేళ్ళు ఉంది. దవడ ఎముక ఎదిగే వయసులో ఆ కొన్నేళ్ళూ చిన్నవి కావు. మట్టిలో పడ్డ దెబ్బ అయితే టీటీ ఇంజెక్షన్ సంగతి కూడా అడగండి.

పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు. కింద తయారవుతున్న అసలు పన్నుకి దెబ్బ తగులుతుంది. ఆరేళ్ళలోపు పిల్లలకి ముందుపళ్ళు సాధారణంగా పాలపళ్ళే. పెట్టకూడదన్నంత మాత్రాన చూపించక్కర్లేదని కాదు.

ఫోన్‌లో ఏం చెప్పాలి

నా అనుభవమంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను.

పళ్ళ డాక్టరు రోజు ఎలా ఉంటుందో ముందు తెలుసుకోండి. మా ఊళ్ళ వైపు చాలా క్లినిక్‌లు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరుస్తారు. అందులో రూట్ కెనాల్‌కి ఒక్కొక్కరికి ముప్పావుగంట, గంట ముందే రాసి పెట్టి ఉంటుంది. మీరు ఫోన్ చేసి "రూట్ కెనాల్ చేయించుకోవాలండి, ఈరోజు కుదురుతుందా" అంటే నేను రిజిస్టరు తిరగేసి శుక్రవారం అంటాను. నాకు కనిపించేది గంట ఖాళీ కాబట్టి. అదే మీరు ఇలా అడిగి చూడండి:

"వైద్యం మొత్తం ఈరోజే అక్కర్లేదండి. ఈ పూటకి నొప్పి తగ్గేలా చేసి పంపితే చాలు. మిగతాది మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను."

ఈ మాట విన్నాక "ఖాళీ లేదు" అనడం నాకెప్పుడూ కష్టంగానే ఉండేది. పన్ను తెరిచి లోపలి ఒత్తిడి వదిలించడానికో, చీము తీయడానికో డాక్టరు గారికి పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. ఒక పేషెంటుకి మత్తు ఎక్కేలోగా ఇంకో కుర్చీలో ఆ పని అయిపోతుంది. అందుకే గంట అడగకండి, పావుగంట అడగండి.

తర్వాత వివరాలు. "భరించలేకపోతున్నాను" అనేది నిజమే కావచ్చు, కానీ దానివల్ల నాకు ఏమీ తెలియదు. వయసు, ఏ వైపు, పైనా కిందా, ఎప్పటినుంచి, రాత్రి నిద్ర పట్టిందా లేదా, వాపుందా, జ్వరముందా, నోరు ఎన్ని వేళ్ళు తెరుచుకుంటోంది, ఏ మాత్ర ఎన్నిసార్లు వేసుకున్నారు. ఆ తర్వాత షుగరు, గుండె జబ్బు, రక్తం పలచబడే మాత్రలు, గర్భం, ఏ మందైనా పడకపోవడం. ఇదంతా చెప్పడానికి అర నిమిషం పడుతుంది. ఉదాహరణకి ఒకాయన ఇలా చెప్పారు, ఇప్పటికీ గుర్తుంది: "అమ్మా, నాకు నలభై రెండు. కింద కుడివైపు చివరి పన్ను. మొన్నటినుంచి. వేడి టీ తగిలితే ప్రాణం పోతోంది, చల్లనీళ్ళు పోసుకుంటే రెండు నిమిషాలు ఆగుతోంది. రాత్రంతా సీసా పట్టుకుని కూర్చున్నాను." నేను ఆ మాటలు యథాతథంగా లోపలికెళ్ళి చెప్పాను. డాక్టరు గారు తల కూడా ఎత్తకుండా "వెంటనే రమ్మను" అన్నారు. వేడికి పెరిగి చల్లటికి తగ్గే నొప్పి అంటే లోపలి నరం చివరి దశకి వచ్చిందని గుర్తట. ఆయన ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్ళ సీసా చంకలో పెట్టుకునే వచ్చారు, వెయిటింగ్ హాల్లో ప్రతి రెండు నిమిషాలకీ ఒక గుక్క పుక్కిలిపట్టి కళ్ళు మూసుకునేవారు. పక్కనున్నవాళ్ళు తమ వంతు ఆయనకి ఇచ్చేశారు.

వాపుంటేనో పన్ను విరిగితేనో వెలుతురులో ఒక ఫొటో తీసి క్లినిక్ నంబరుకి వాట్సాప్ చేయండి. ఒక్క ఫొటో పది మాటలకంటే త్వరగా లోపలికి చేరుతుంది.

లేని వాపు ఉందని చెప్పకండి. మనిషి గుమ్మంలో అడుగుపెట్టగానే బుగ్గ కనబడుతుంది కదా. పైగా ఆ రోజు నిజం వాపుతో ఎదురుచూస్తున్నవాళ్ళకి అన్యాయం. పెద్దవాళ్ళ పేరు చెప్పుకోవడమూ అంతే, "ఎమ్మెల్యే గారి మనిషిని" అన్నవాళ్ళని కూర్చోబెట్టేదాన్ని, సీసా పట్టుకున్నవాళ్ళని పంపేదాన్ని.

ఎప్పుడు చేయాలి? తెరిచే సమయానికి. అప్పటికి ఆ రోజు ఎవరు రావట్లేదో తెలిసిపోతుంది. ఖాళీ లేదంటే "ఎవరైనా మానుకుంటే నాకు చెప్పండి, పదిహేను నిమిషాల్లో రాగలను" అని నంబరు ఇవ్వండి. నిజంగా రాగలిగితేనే ఆ మాట అనండి. ఒకే చోట ఆగకుండా రెండు మూడు క్లినిక్‌లకి చేయండి, చోటు దొరికాక మిగతావాళ్ళకి వద్దని చెప్పడం మర్యాద.

డాక్టరు దొరికేదాకా రాత్రి గడవడం

పడుకుంటే నొప్పి ఎందుకు పెరుగుతుందంటే, తలవైపు రక్తం ఒత్తిడి పెరుగుతుంది, పన్ను లోపల ఉబ్బడానికి చోటు లేదు. రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని ఒరిగి కూర్చోండి. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అరచెంచా ఉప్పు వేసి పుక్కిలించండి. పళ్ళ మధ్య మాంసం పీచో, జామగింజో ఇరుక్కుని ఉంటే దారంతో తీయండి, గుండుసూది పెట్టి పొడవకండి. ఒక్కోసారి నొప్పి అంతటితో పోతుంది కూడా.

వాపుంటే బుగ్గ మీద బయటనుంచి ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టి తీస్తూ ఉండండి. మన ఇళ్ళలో వాపు అనగానే వేడి కాపడం పెడతారు. చీము ఉన్న పంటికి బయట వేడి పెట్టడం మంచిది కాదు, వాపు ఇంకా పాకే వీలుంటుంది.

లవంగ నూనె పనిచేస్తుంది. అందులో యూజినాల్ ఉంటుంది, పళ్ళ డాక్టర్లు వాడే కొన్ని మందుల్లోనూ అదే ఉంటుంది. కానీ ఒక్క చుక్క, దూది మీద, పిప్పి ఉన్న గుంటలో మాత్రమే. చిగురు మీద పోసుకుంటే కాలుతుంది. ఆస్పిరిన్ మాత్ర నలిపి చిగురు మీద పెట్టుకోవడం ఇంకా ఘోరం, తెల్లగా పుండు పడుతుంది. డాక్టరు పన్ను కంటే ముందు ఆ పుండు చూడాల్సి వస్తుంది.

మాత్రల సంగతి. వేరే జబ్బులేవీ లేని పెద్దవాళ్ళకి ఏదైనా తిన్నాక ఐబుప్రొఫెన్ 400, దాంతోపాటు పారాసిటమాల్ 500 లేదా 650 కలిపి వేసుకుంటే విడివిడిగా వేసుకున్నదానికంటే పంటినొప్పికి బాగా పనిచేస్తాయి. ఐబుప్రొఫెన్ రోజుకి మూడు, పారాసిటమాల్ 650 రోజుకి నాలుగు మించొద్దు, మధ్యలో కనీసం ఆరుగంటల ఎడం ఉండాలి. కాంబిఫ్లామ్ లాంటి వాటిలో ఈ రెండూ ముందే కలిసి ఉంటాయి. దాని మీద మళ్ళీ పారాసిటమాల్ వేసుకుంటే లెక్క తప్పుతుంది కాబట్టి స్ట్రిప్ వెనక చదవండి.

కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా, గుండె జబ్బు, రక్తం పలచబడే మాత్రలు, గర్భం, లేదా డెంగ్యూ అనుమానం ఉంటే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జాతి మాత్రల జోలికి డాక్టర్ని అడక్కుండా పోకండి. పారాసిటమాల్‌తో సరిపెట్టుకోండి. కాలేయ జబ్బుంటే దానికీ అడగాలి. పిల్లలకి బరువుని బట్టి పారాసిటమాల్ సిరప్. ఆస్పిరిన్ ఇవ్వకూడదు, నిమెసులైడ్ అనే నొప్పి మందుని పన్నెండేళ్ళలోపు పిల్లలకి మన దేశంలో 2011లోనే ఆపేశారు, ఇంట్లో పెద్దవాళ్ళ కోసం తెచ్చినవి సగం చేసి ఇవ్వకండి.

మెడికల్ షాపులో "పంటి నొప్పికి ఇవ్వండి" అంటే నాలుగు రంగుల మాత్రలు కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. అందులో ఒక యాంటీబయాటిక్ తప్పకుండా ఉంటుంది. నరం నొప్పికి యాంటీబయాటిక్ పనిచేయదు, పన్ను లోపల చచ్చిన నరానికి రక్తమే వెళ్ళదు, మందు ఎలా వెళుతుంది? అమెరికన్ డెంటల్ అసోసియేషన్ కూడా 2019లో ఇచ్చిన సూచనల్లో ఒట్టి పంటినొప్పికి యాంటీబయాటిక్ వద్దు, పంటికి వైద్యం చేయండి అనే చెప్పింది. జ్వరమో, పాకే వాపో ఉన్నప్పుడు దాని అవసరం వేరు, అది రాసేది డాక్టరు. ఆ పొట్లంతో రెండురోజులు నొప్పి తగ్గినట్టుండటమే అసలు ప్రమాదం. శుక్రవారం పొట్లం, శనివారం హాయి, ఆదివారం రాత్రి బుగ్గ బూరె. ఎన్ని సోమవారాలు చూశానో లెక్కలేదు.

ఆదివారం, పండగ, లేదా ఊళ్ళో డాక్టరు లేనప్పుడు

హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కనే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. విజయవాడలోనూ, కడపలోనూ ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. ఖర్చు నామమాత్రం. పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ తీసుకోవాలి, మధ్యాహ్నం వెళితే ఆ పూట అయిపోవచ్చు. ప్రైవేటు డెంటల్ కాలేజీలు భీమవరం, రాజమండ్రి, గుంటూరు, నెల్లూరు, ఖమ్మం, మహబూబ్‌నగర్, విశాఖపట్నం వైపు కూడా ఉన్నాయి. వాటిలో చేసేది పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో విద్యార్థులు. సమయం ఎక్కువ పడుతుంది, డబ్బు తక్కువ అవుతుంది. చదువుకునేవాళ్ళు అని భయపడతారు గానీ నాకు తెలిసి వాళ్ళంత ఓపిగ్గా ఇంకెవరూ చూడరు. ఒక పంటికి మూడుసార్లు ఎక్స్‌రే తీస్తారు, అదొక్కటే చిరాకు.

ఆదివారం ఓపీలు ఉండవు. అప్పుడు ఇంతకుముందు మీకు పన్ను చూసిన డాక్టరుకి ఒక మెసేజ్ పెట్టండి. పాత పేషెంటుని డాక్టర్లు తేలిగ్గా కాదనరు. ఫోన్ ఎత్తకపోతే జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీలో రాత్రికి నొప్పి ఇంజెక్షన్ అయినా దొరుకుతుంది. అక్కడ పన్ను బాగుచేయరు, ప్రమాదం లేదని తేలుస్తారు, అది కూడా తక్కువేం కాదు.

సంతలో, బస్టాండు దగ్గర కూర్చుని "పంట్లో పురుగులు తీస్తాం" అనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. పంట్లో పురుగులుండవు. వాళ్ళు చూపించే పురుగు వాళ్ళు తెచ్చిందే. బోర్డు మీద పళ్ళ డాక్టరు డిగ్రీలైన బీడీఎస్ గానీ ఎండీఎస్ గానీ, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు గానీ ఉందా చూడండి.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు అర్ధరాత్రి వాళ్ళ టైముకి మా క్లినిక్‌కి వీడియో కాల్ చేసేవాళ్ళు. అక్కడ స్టూడెంట్ ఇన్సూరెన్స్‌లో పళ్ళు చాలావరకు కలవవు. ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళితే మందులు రాసిచ్చి పంపుతారు, బిల్లు మాత్రం పెద్దదొస్తుంది. దగ్గర్లోని యూనివర్సిటీ డెంటల్ స్కూల్లో ఎమర్జెన్సీ క్లినిక్ ఉందేమో కనుక్కోండి. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు 111కి ఫోన్ చేస్తే ఎక్కడికెళ్ళాలో చెబుతారు.

బయల్దేరే ముందు

తినండి. ఇది చాలామంది తప్పు చేసే చోటు. ఆపరేషన్ అనుకుని ఖాళీ కడుపుతో వస్తారు, సూది చూడగానే కళ్ళు తిరిగి పడిపోతారు. పంటికి ఇచ్చేది ఆ చోటు మాత్రమే మొద్దుబారే మత్తు, దానికి ఉపవాసం అక్కర్లేదు. రెండిడ్లీలు తిని, బీపీ, షుగరు మాత్రలు ఎప్పటిలా వేసుకుని రండి. మొదట్లో చెప్పిన గొంతు వాపులతో పెద్దాసుపత్రికి వెళ్ళేవాళ్ళు మాత్రం ఏమీ తినొద్దు, అక్కడ పూర్తి మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకోండి. "తెల్లది, గుండ్రంది, గుండెకి" అంటే ఎవరికీ అర్థం కాదు. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే పన్ను పీకించుకోవాలని మీ అంతట మీరు ఆపేయకండి. ఆపితే గుండెకి వచ్చే ప్రమాదం పంటి దగ్గర కారే రక్తం కంటే పెద్దది. ఎముకలు గుల్లబారకుండా సూదులో మాత్రలో తీసుకుంటున్నవాళ్ళు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. గర్భిణులు నెల చెప్పండి. అర్జెంటయితే ఏ నెలలోనైనా చూస్తారు, ఎక్స్‌రే తప్పకపోతే సీసపు ఏప్రన్ కప్పి తీస్తారు. పిల్లలతో అమ్మో నాన్నో రావాలి, బాబాయి సంతకం చాలదని వెనక్కి పంపిన రోజులున్నాయి. మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీలు యాక్సిడెంటుకి తప్ప పళ్ళకి సాధారణంగా డబ్బు ఇవ్వవు కాబట్టి చేతిలో కొంత ఉంచుకోండి.

కుర్చీలో కూర్చున్నాక

"పీకేయండి డాక్టరు గారూ, పీడ పోతుంది" అని వెంటనే అనకండి. ఎక్స్‌రే చూసి ఈ పన్ను నిలుస్తుందా అని అడగండి. నిలిచేదయితే ఈరోజు తెరిచి లోపలి ఒత్తిడి వదిలిస్తే నొప్పి పోతుంది, మిగతా పని తర్వాత. జ్ఞానదంతం అడ్డంగా ఉంటే ఆ లెక్క వేరు. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందని ఇప్పటికీ మా వైపు పెద్దవాళ్ళు నమ్ముతారు. పంటి నరానికీ చూపు నరానికీ సంబంధం లేదు. చీముని వదిలేస్తేనే కంటికి ముప్పు.

చీము బాగా ఉన్న చోట మత్తు సరిగా ఎక్కదు. నొప్పి తెలుస్తుంటే చెయ్యెత్తండి, ఇంకో ఇంజెక్షన్ వేస్తారు. ఓర్చుకోవడం అక్కడ గొప్పేమీ కాదు.

పన్ను తీశాక దూది కొరికి పట్టి ఉంచమంటారు. ఆ రాత్రి మళ్ళీ రక్తం వస్తే కంగారుపడకండి, శుభ్రమైన దూదినో గాజుగుడ్డనో తడిపి గట్టిగా పిండి, మందంగా మడిచి, సరిగ్గా ఆ గుంట మీద పెట్టి, గడియారం చూసి అరగంట కొరికి పట్టండి. మధ్యలో తీసి చూడొద్దు, ఉమ్మొద్దు. ఉమ్మిన ప్రతిసారీ గడ్డకట్టిన రక్తం ఊడి వస్తుంది. ఉమ్మితో కలిసినప్పుడు చెంచాడు రక్తం కూడా గ్లాసుడులా కనిపిస్తుంది. రెండుసార్లు అలా చేసినా దూది తడిసిపోతుంటే ఆసుపత్రికి వెళ్ళండి. మూడో రోజు తగ్గాల్సిన నొప్పి పెరిగి, నోరు కంపు కొడితే గుంటలోని రక్తపు గడ్డ ఊడిపోయి ఎముక బయటపడిందన్నమాట. సిగరెట్టు తాగేవాళ్ళలో ఎక్కువ చూశాం. డాక్టరు అందులో మందు పెడితే గంటలో హాయిగా ఉంటుంది, మళ్ళీ వెళ్ళడానికి మొహమాటపడకండి.

ఇక నొప్పి తగ్గి లేచి బయటికి వస్తారు. అప్పుడే, చెప్పులు వేసుకోకముందే, రిసెప్షన్ దగ్గర ఆగి తర్వాతి తారీఖు రాయించుకోండి. తెరిచిన పన్ను నొప్పి లేకుండా ఉన్నంతమాత్రాన నయమైనట్టు కాదు, లోపల చచ్చిన నరం అలాగే ఉంటుంది. మొదటి సిట్టింగ్‌కి వచ్చి రెండోదానికి రానివాళ్ళ పేర్ల పక్కన నేను మా రిజిస్టర్లో పెన్సిల్‌తో చుక్క పెట్టేదాన్ని. ఆర్నెల్లకో ఏడాదికో ఆ చుక్కల్లోంచి ఒకరు ఫోన్ చేసేవాళ్ళు, ఏ ఆదివారం రాత్రో. గొంతు వినగానే గుర్తుపట్టేదాన్ని. "అమ్మా, చాలా అర్జెంటు."